ఎర్రమెట్ట లైను

ఎర్రమెట్ట ఎక్కేటప్పుడు సైకిలు తొక్కడం ఎవరి తరమూ కాదు. దిగి తొయ్యవలసిందే. వెనక క్యారేజీ మీద చేపల టబ్బు, చేపల మీద ఐసు, ఐసు మీద తడిపిన గోనె. ఆ బరువు వెనక్కి గుంజితే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. అరికాళ్ల కింద ఎర్ర గులకలు దొర్లిపోతుంటాయి. నూకాలు ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, పళ్లు బిగించి, నాగలికి కట్టిన గొడ్డులా తల వంచి తోసేవాడు.

దిగడం అంతకన్నా కష్టం. ఆ గులకల మీద బ్రేకు పనిచెయ్యదు. బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది గానీ సైకిలు ఆగదు. అందుకని మెట్ట మీద జీడిమామిడి మండ ఒకటి నరికి, తాడేసి సైకిలు వెనక కట్టుకుంటారు. మండ నేలను గీరుకుంటూ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. కొత్తలో నూకాలు కుర్రతనానికి మండ లేకుండా దిగి, మలుపు దగ్గర ఎగిరి పడ్డాడు. మోచేతి తోలంతా రోడ్డుకే వదిలేసి వచ్చాడు. అప్పుడు లోపలికి దిగిన గులక ఒకటి ఇప్పటికీ చర్మం కింద గింజలా తగులుతుంది.

చీకటుండగానే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు ఎత్తుకుని, హనుమంతవాక దాటి, అడవివరం మీదుగా సొంఠ్యాం వైపు తిరిగేసరికి తూరుపు తెల్లబడేది. అక్కడొకచోట తారు అయిపోయి గ్రావెల్ దారి మొదలవుతుంది. ముందు అడవి. నెమళ్లు అరుస్తుంటాయి, గొలుసు కిర్రుమంటుంది, ఇంకే చప్పుడూ ఉండదు. అడవి తరవాత మెట్ట. మెట్ట దిగితే నీలగిరి తోటలు, ఆ తరవాత గోస్తనీ నది గట్టు. గట్టు మీద తాటిచెట్ల నీడలో సాఫీగా తొక్కుకుంటూ పోతే వరసగా బొడ్డపాలెం, గెడ్డవలస, చివరికి రేవువాడ. ఇది నూకాలు లైను.

లైను అంటే హార్బర్ సైకిలోళ్లకి పొలంతో సమానం. ఒకరి లైనులో ఇంకొకరు టబ్బు దించరు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఒక్కటే కట్టుబాటు. లైను గలవాడు లైను మీద కనపడాలి. పెళ్లాన్ని పంపినా, తమ్ముణ్ణి పంపినా చెల్లదు. వాడి మొహం ఊళ్లో కనపడడం మానేస్తే లైను ఎవరిదైనా కావొచ్చు. నూకాలు తండ్రి కామెర్లొచ్చి మంచాన పడి ఇలాగే లైను పోగొట్టుకున్నాడు. లేచాక హార్బర్ గేటు దగ్గర ఐసు దిమ్మలు లాగుతూ, ఎవరి మొహమూ చూడకుండా పోయాడు. ఆ లాగుడు చూసినవాడు నూకాలు.

ఏడాదిలో ఒక్క వేట బందు కాలానికే ఈ కట్టుబాటుకి మినహాయింపు. ఎండాకాలంలో బోట్లు సముద్రంలోకి పోకూడదని సర్కారు ఆపేసినప్పుడు హార్బర్‌లో చేప ఉండదు. అప్పుడు లైనుని ఎవరైనా చెరువుచేపలవాడికి అప్పగించి, బోట్లు తిరిగొచ్చిన రోజున మళ్లీ తీసుకుంటారు. నూకాలు తన లైనుని రేవువాడ అర్జునరావుకి అప్పగించేవాడు. అర్జునరావుది వ్యవసాయం ఇల్లు. ఆటోనగర్‌లో పనిచేసిన షెడ్డు మూతపడితే ఊరికొచ్చి, టీవీఎస్ బండి కొనుక్కున్నాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్లు. అర్జునరావు తల్లి సూర్యకాంతమ్మ నూకాలుకి అరుగు మీద గంజి పోసేది.

రెండువేల రెండులో బోట్లు తిరిగొచ్చాక నూకాలు మొదటి టబ్బు నింపుకుని బయల్దేరాడు. కానాగంతలు, కవళ్లు, నాలుగు చందువలు. రేవువాడ రచ్చ దగ్గరికి వచ్చేసరికి అర్జునరావు టీవీఎస్ ఆపి, ఆడాళ్ల మధ్య నిలబడి చెరువు బొచ్చెలు తూస్తున్నాడు. నూకాలుని చూసి తల ఎత్తలేదు.

అక్కడ నూకాలు ఒక తప్పు చేశాడు. పక్కకి పిలిచి మాట్లాడితే పోయేది. ఆడాళ్లు వింటుండగా, నవ్వుతూనే, ఈ బందు కాలమంతా బురదచేపలు తినీ తినీ మీ మూతులు చప్పబడిపోయుంటాయి, ఇక ఆ బురద ఎత్తిపారేసి రండి అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అర్జునరావు చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. ఆ నెలా పదిహేను రోజులూ ఊరూరా తన బండి చప్పుడు కోసం గుమ్మాల్లోకి వచ్చి నిలబడే మనుషుల్ని చూశాడు అతను. షెడ్డులో ఎవడూ తనకోసం అలా నిలబడలేదు.

"లైను నీదని ఎవులు రాసిచ్చినారు బావా?" అన్నాడు.

నూకాలు జవాబు చెప్పేలోపే తక్కెడ గొలుసు మొహాన పడింది. కన్ను మీద చర్మం చీరుకుపోయింది. సైకిలు పక్కకి ఒరిగింది. అర్జునరావు పెదనాన్న కొడుకులిద్దరు ఎక్కణ్ణుంచి వచ్చారో, ఒకడు వెనకనుంచి చేతులు విరిచి పట్టుకున్నాడు. ఇంకొకడు కడుపులో మోకాలితో పొడిచాడు. గాలి అందక నూకాలు నోరు తెరిస్తే అర్జునరావు ఒక కవళ్ల గుప్పెడు తీసి ఆ నోట్లో కుక్కాడు. ఆపకుండా కుక్కాడు. ముళ్లు చిగుళ్లలో దిగి, నెత్తుర్లూ పొలుసులూ కలిసి గడ్డం మీద కారాయి.

తరవాత టబ్బుని తన్నారు. చేపలు గులకల మీద జారుకుంటూ పోయాయి. సైకిలు ముందు చక్రాన్ని రచ్చబండ అంచుకి ఆనించి, ఇద్దరెక్కి తొక్కితే ఊచలు ఒక్కొక్కటీ టప్పుమని తెగాయి. ఆడాళ్లు గిన్నెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఎవరూ వంగి ఒక్క చేప తీయలేదు. కుక్కలు మాత్రం వచ్చాయి.

ఆ వంకర చక్రాన్ని ఎత్తిపట్టుకుని, వెనక చక్రం మీద దొర్లించుకుంటూ నూకాలు మెట్ట ఎక్కాడు. ఇల్లు చేరాక పెళ్లాం ఈశ్వరి సూదితో చిగుళ్లలో ముళ్లు తీస్తుంటే నోరు తెరిచి కూర్చున్నాడు. ముళ్లు తీసి గోడకి రాస్తూ, చివర్న, వేరే లైను చూసుకుందామా అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

దెబ్బలు ఎండాక కొత్త చక్రం వేయించుకుని మళ్లీ బయల్దేరాడు. ఈసారి గోనె కింద ఐసు లాగే ఇనప కొక్కెం పెట్టుకున్నాడు. మూరెడు కడ్డీ, చివర గద్ద ముక్కులా వంపు. తండ్రి చేతిలో అరిగినది.

ముందురోజు పైన కొండల్లో వాన పడింది. మెట్ట మీద గులకలు కడిగినట్టు ఉన్నాయి. మండ కట్టుకుని దిగుతుంటే వెనక గరగర చప్పుడు తోటలంతా వినపడుతోంది. ఆ చప్పుడు దూరం నుంచే మనిషిని పట్టిస్తుందని నూకాలుకి తెలుసు. తెలిసే దిగాడు. దొంగలా రావడం అతనికి ఇష్టం లేదు.

గట్టు మొదట్లో అర్జునరావు టీవీఎస్‌ని దారికి అడ్డంగా పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక్కడే. చేతిలో సరుగుడు గెడ. కింద గోస్తనీ ఎర్రగా, నిండుగా పోతోంది.

నూకాలు సైకిలు స్టాండు వేశాడు. కంగారు పడకుండా మండ తాడు విప్పాడు.

"అడ్డు తియ్యి బావా. సేప పాడైపోతాది," అన్నాడు.

"అలాగైతే ఎనక్కి తీసుకుపో. ఆ పక్కన సానా ఊళ్లున్నాయి."

"ఆ పక్క నాది కాదు. ఇదే నాది."

గెడ మొదట భుజం మీద పడింది. రెండో దెబ్బకి ముంజేయి అడ్డం పెడితే ఎముక వేడిగా మండింది. మూడోసారి గెడ ఎత్తేలోపు నూకాలు లోపలికి దూరి, తలతో అతని ముక్కు మీద మోదాడు. ముక్కు మెత్తగా నలిగింది. ఇద్దరూ సైకిలుని గుద్దుకుని, టబ్బుతో సహా గులకల మీద పడ్డారు. ఎవడు పైనుంటే వాడు కిందవాడి తల జుట్టు పట్టి నేలకేసి కొడుతున్నాడు. చెవుల్లో, కళ్లలో ఎర్ర దుమ్ము. అర్జునరావు పళ్లు నూకాలు చేతివేళ్ల మీద పడ్డాయి, వదల్లేదు. నూకాలు ఎడంచేత్తో గోనె కిందకి తడిమి కొక్కెం అందుకున్నాడు. అందుకుని అతని కుడిభుజం వెనక, రెక్క ఎముక పక్కన దించాడు. ఐసు దిమ్మలోకి దిగినట్టే దిగింది. అర్జునరావు అప్పుడు నోరు తెరిచాడు. వేళ్లు బయటికొచ్చాయి గానీ ఒకదాని కొన రాలేదు.

ఇక ఐసుని లాగినట్టే లాగాడు నూకాలు. కడ్డీ పట్టుకుని, గట్టు మీదనుంచి, తుప్పల్లోంచి, నది వైపు. అర్జునరావు కాళ్లతో నేలను తన్నుతూ, అమ్మా అమ్మా అంటూ వస్తున్నాడు. నూకాలు బుర్రలో ఒక్కటే ఉంది. నీళ్లలోకి దించితే వీడు నావాడు. పుట్టిన దగ్గర్నుంచి సముద్రంలో మునిగి తేలినవాడు తను. గడ్డి మీద పుట్టినవాడు ఏం చెయ్యగలడు?

నడుం లోతు దాకా దిగి, అర్జునరావు తల పట్టి ముంచాడు. బుడగలు వచ్చాయి. మళ్లీ లేపి మళ్లీ ముంచాడు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు, అక్కడ నేల లేదు. ఎండాకాలమంతా ట్రాక్టర్లతో ఇసుక తవ్వుకుపోయిన గొయ్యి అది. ఇద్దర్నీ ఒక్కసారిగా లోపలికి లాక్కుంది.

సముద్రంలో ఇలాంటప్పుడు జాలరి కొట్టుకోడు. ఒళ్లు వదిలేస్తాడు. కెరటం ఒకటి కిందికి నొక్కితే, వెనక వచ్చేది పైకి ఎత్తి ఒడ్డుకి విసురుతుంది. చిన్నప్పుడే ఒంట్లోకి ఎక్కిన సంగతి, ఆలోచించి చేసేది కాదు. నూకాలు ఒళ్లు వదిలేశాడు. ఊపిరి బిగబట్టి కెరటం కోసం చూశాడు. కెరటం రాలేదు. నీళ్లు ఒకే వైపు పోతున్నాయి. ఉప్పులేని నీళ్లు, మోయని నీళ్లు. ఇంకా చూశాడు. ఊపిరి అయిపోయి నోట్లోకి బురద వచ్చాక గానీ నదికి కెరటాలుండవన్న సంగతి అతనికి అందలేదు. అప్పటికి చేతులు కదలడం లేదు. కొక్కెం మీద బిగిసిన పిడికిలి మాత్రం విడలేదు.

అర్జునరావు నది ఒడ్డున పెరిగినవాడు. ప్రవాహానికి ఎదురెళ్లకుండా, దాంతోపాటు పోతూ, ఏటవాలుగా ఒడ్డు వైపు కాళ్లు కొట్టాడు. భుజంలో దిగిన కొక్కెం, దానికి వేలాడుతున్న మనిషి. విడిపించుకోలేక ఇద్దర్నీ మోసుకుంటూ ఈదాడు. ఒక తాటి మొద్దు అందితే పట్టుకుని, గులకల మీదకి పాక్కుంటూ వచ్చి పడ్డాడు.

నూకాలు బురద కక్కుకుని కళ్లు తెరిచేసరికి అర్జునరావు మోకాళ్ల మీద కూర్చుని, ఎడంచేత్తో తన భుజంలోంచి కొక్కెం ఊడబెరుక్కుంటున్నాడు. మాంసం కొంచెం దాంతోపాటే వచ్చింది. దాన్ని నదిలోకి విసిరేశాడు. కుడిచెయ్యి తాడులా వేలాడుతోంది. పక్కనే బట్టలుతికే రాయి పెచ్చు ఒకటి ఉంటే ఎడంచేత్తో, రొమ్ముకి ఆనించుకుని ఎత్తాడు.

నూకాలు తలకి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"సంపను బావా," అన్నాడు అర్జునరావు, ఎగరొప్పుతూ. "సంపితే నన్ను జైల్లో ఎట్టేత్తారు, నీకు పేరొత్తాది. సైకిలు తొక్కనేకుండా సేత్తాను."

రాయిని నూకాలు మోకాలికి దిగువన, కాలి ఎముక మీద వేశాడు. ఒకసారికి ఎముక విరగలేదు. మళ్లీ ఎత్తాడు. రెండోసారికి తడి కర్ర విరిగినట్టు చప్పుడైంది. నూకాలు అరిచిన అరుపుకి గట్టు మీద మేస్తున్న మేకలు పరిగెత్తాయి. మేకలవాళ్లే వచ్చి ఇద్దర్నీ చెరో ట్రాక్టరు ఎక్కించారు. పెద్దాసుపత్రిలో ఇద్దరూ బండి మీదనుంచి పడ్డామనే రాయించారు. కేసు పెట్టడం ఇద్దరికీ నామోషీయే.

కట్టు వేసి ఇంట్లో పడుకోబెట్టాక నూకాలు నిద్రలో కాలు కదిపేవాడు, తొక్కుతున్నట్టు. నొప్పికి లేచి గోడవైపు తిరిగేవాడు. హార్బర్ నుంచి ఒక్కొక్క కబురూ వచ్చేది. అర్జునరావు కుడిచెయ్యి లేవడం లేదట, బండి నడపలేడట. అతని పెదనాన్న కొడుకులు టీవీఎస్ తీస్తున్నారట. ఇంకెవరో ఆటోలో చేప వేసుకుని గట్టు మీద తిరగాలని చూస్తున్నారట. నూకాలు మొహం ఆ ఊళ్లకి కనపడక చాన్నాళ్లయింది.

ఒక సాయంత్రం ఈశ్వరి వలసంచీ తాళ్లు రెండు తెచ్చి, సైకిలు సీటుకీ టబ్బుకీ కట్టి లాగి చూసుకుంది.

"రేపు బయల్దేరదాం," అంది. "నువ్వు కూకో. నాను తోత్తాను."

అతను కాలు చూసుకున్నాడు. పిండికట్టు తొడదాకా ఉంది.

"ఆడోళ్లు అమ్మితే సెల్లదని మీ మొగోళ్లే కదా పెట్టుకున్నారు. నువ్వు బొమ్మలాగ కూకుంటే సాలు. అమ్మీది నానే."

తారు ఉన్నంతదాకా తెలిసినవాడి ఐసు వ్యాను మీద పోయారు. గ్రావెల్ మొదలైన దగ్గర దిగారు. నూకాలు సీటు మీద కూర్చుని హ్యాండిలు పట్టుకుంటే, కట్టు కాలు కర్రలా ముందుకి చాచుకుని ఉంది. ఈశ్వరి వెనకనుంచి తోసింది. అడవిలో ఫర్వాలేదు. మెట్ట దగ్గర ఇద్దరి బరువూ ఎక్కలేదు. నూకాలు దిగి, నేల మీద చతికిలబడి, చేతులు వెనక్కి ఆనించి, ఒక్కొక్క జానెడే వెనక్కి జరుగుతూ మెట్ట ఎక్కాడు. మొహం నగరం వైపు, వీపు ఊళ్ల వైపు. పిరుదుల కింద గులకలు లుంగీని, చర్మాన్ని చీరాయి. ఈశ్వరి ముందు సైకిలు ఎక్కించి, తిరిగొచ్చి, చంకల కింద చెయ్యేసి లాగింది.

దిగేటప్పుడు మండ కట్టారు, అది చాలక ఈశ్వరి తాడు నడుముకి చుట్టుకుని వెనక్కి వాలి నడిచింది. మలుపులో ఆమె కాలు జారింది. సైకిలు, టబ్బు, మనిషి ఒకేసారి పోయాయి. కట్టు రాయికి కొట్టుకుని పగిలింది. నూకాలుకి కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లోంచి సొంగ కారుతుంటే ఈశ్వరి చెంప మీద కొట్టింది, గట్టిగా, రెండుసార్లు. లెగు అంది. పగిలిన కట్టు మీద చీరకొంగు చింపి బిగించింది. చేపల్ని ఏరి, ఉన్న ఐసుతో సర్దింది.

బొడ్డపాలెంలో కొన్నారు. గెడ్డవలసలో కట్టు వైపు చూసి ఎప్పటికన్నా ఎక్కువే కొన్నారు. రేవువాడ రచ్చ దగ్గరికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఈశ్వరి గొంతెత్తి కేకేసింది. తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ గడప దాటలేదు.

అర్జునరావు అరుగు మీదనుంచి లేచాడు. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. ముక్కు ఒక పక్కకి తిరిగిపోయింది. మెల్లగా నడిచి వచ్చి సైకిలు ముందు నిలబడ్డాడు. నూకాలు సీటు మీదనుంచి చూశాడు. దిగలేడు, పారిపోలేడు. కళ్లు దించుకోలేదు.

"ఎందుకొచ్చినావు?"

"నా లైను."

అర్జునరావు కాలెత్తి సైకిలుని తన్నాడు. ఈశ్వరి పట్టుకోబోయింది, ఆగలేదు. నూకాలు విరిగిన కాలి మీదే పడ్డాడు. ఈసారి అరవలేదు, నేలని కరిచాడు. టబ్బు దొర్లింది. కానాగంతలు, చందువలు ఎర్ర దుమ్ములో చెల్లాచెదురయ్యాయి. ఈశ్వరి చేపలు కోసే కత్తిపీట ఎత్తి పట్టుకుంది. ఇంకొక్క అడుగు వేసి చూడు అంది. అర్జునరావు అడుగు వెయ్యబోయాడు.

సూర్యకాంతమ్మ అరుగు దిగి వచ్చింది. కొడుక్కీ ఈశ్వరికీ మధ్యనుంచే నడిచింది, ఎవర్నీ తప్పుకోమనలేదు. చేతిలో సత్తుగిన్నె. వంగి, దుమ్ములోంచి ఒక చందువ తీసి, చీర చెంగుతో గులకలు దులిపింది. మొప్ప ఎత్తి ఎరుపు చూసింది. కుక్క ఒకటి దగ్గరికి వస్తే కాలితో తోసేసి, నేల మీద పడి ఉన్న నూకాలు పక్కన గొంతుక్కూర్చుంది.

"ముల్లు తీసి ఇయ్యి నాయినా," అంది. "మావోడికి కుడి సెయ్యి లెగదు. ఎడం సేత్తో ముల్లు ఏరుకుని తిననేడు."

నూకాలు నోట్లోని మట్టి ఉమ్మాడు. మోచేతుల మీద లేచి, సైకిలు చక్రానికి వీపు ఆనించుకుని కూర్చున్నాడు. కత్తిపీట కోసం ఈశ్వరి వైపు చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు, అర్జునరావు మొహమే చూస్తోంది. నూకాలు చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాడు. కొంతసేపటికి ఆమె కత్తిపీటని అతని ముందు దించింది.

చందువ పొట్ట కోసి, వెన్నుముల్లు వెంబడి కత్తికి ఆనించి లాగాడు నూకాలు. కొన తెగిన వేలు చేపని అదిమి పట్టింది. ముల్లు ఒక్కటిగా ఊడి వచ్చింది. మిగిలిన సన్నముళ్లని గోటితో తడిమి తడిమి తీశాడు. అర్జునరావు అక్కణ్ణుంచి పోలేదు. తల్లి వెనకే నిలబడి, ఆ వేళ్లు ఎక్కడైనా ఒక ముల్లు వదిలేస్తాయేమోనని చూస్తున్నాడు.

గడపల్లోంచి ఒక్కొక్క ఆడమనిషీ గిన్నె పట్టుకుని వచ్చి, దుమ్ములోంచి తన చేప తను ఏరుకోవడం మొదలెట్టింది.